తెల్ల లారీలో నల్ల డబ్బా
పదకొండో భాగం

పోయినవారం సాయ్‌కల్‌ని ఒక లారీ డ్యాష్‌బోర్డు కింద, నోట్లో టార్చి కరచుకుని వెల్లకిలా పడుకుని ఉండగా వదిలేశాం. అంతకుముందు సంగతి తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పుకుందాం. బాలిక్చీ ఊరి చివర, సరస్సు మీది గాలి ఏడాది పొడుగునా పైకప్పు రేకుల్ని పీకుతూండే చోట, ఆమెకూ ఆమె భర్త కలిస్‌కూ లారీల కరెంటు పని చేసే షెడ్డు ఉంది. ఆమె తమ్ముడు ఉలార్ లారీ డ్రైవరు. మూడేళ్ల కిందట నవంబరులో, చీకటి పడుతున్న వేళ దోలోన్ కనుమ దిగుతూ, రోడ్డు దాటుతున్న ఒక ఇల్లాలినీ ఆమె నాలుగేళ్ల బిడ్డనీ లారీ కింద వేశాడు. తాగి, దీపాలు ఆర్పుకుని నడిపాడన్నారు. ఏడేళ్లు వేశారు. “దీపాలు నేను ఆర్పలేదక్కా” అన్న వాడి మాటను అక్క తప్ప ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు అదే యజమాని ఓస్మొనాలీ తాలూకు రెండో లారీ, ఉలార్ నడిపినదానికి కవల పిల్ల లాంటిది, జబ్బు చేసి ఆమె షెడ్డుకే వచ్చింది.

దాని డ్రైవరు జెంగిష్. ముప్పై దాటాయి గానీ నోరు మాత్రం పదిహేనేళ్ల దగ్గరే ఆగిపోయింది. కింద నిలబడి వాగుతూనే ఉన్నాడు.

“ఎడమకి తిరుగుతానంటే కుడి దీపం కొట్టుకుంటుందక్కా. హారన్ నొక్కితే వైపర్లు ఊగుతాయి. మొన్న బజారులో నన్ను లోపలేసి తనే తాళం బిగించుకుంది. మా ఆవిడకైనా అంత అనుమానం లేదు నామీద.”

“ముందు దీపాల సంగతి?”

“గతుకులొస్తే ఆరతాయి. కన్ను మూసి తెరిచేలోగా మళ్లీ వస్తాయి.” వాడు ఈసారి నవ్వలేదు. “ఓష్ దారి సొరంగంలో మాత్రం పది లెక్కపెట్టేదాకా రాలేదక్కా. గోడ రాసుకుంటూ పోయాను.”

ఫ్యూజులు చూసింది, బ్యాటరీ చూసింది, చాసిస్‌కి బిగించిన ఎర్త్ వైరు తుప్పు గీకి మళ్లీ బిగించింది. ఏదీ కాదు. కరెంటు బాడీ మాడ్యూల్ దాకా శుభ్రంగా వస్తోంది, అది దాటి ముందుకు పోవడం లేదు. దీపాలు, వైపర్లు, హారన్, తలుపుల తాళాలు, అన్నిటికీ ఆజ్ఞ ఇచ్చే అరచేతి వెడల్పు నల్ల డబ్బా అది. ఇరవై ఏళ్ల నాటి లారీకి కొత్తది ఇప్పుడెవరూ చేయరు. రాజధాని పాత సామాన్ల బజారులో అదే రకానిది ఒకటి దొరికి, పొద్దున మినీబస్సులో వచ్చింది.

అయితే తీసి పెట్టేస్తే సరిపోదు. ప్రతి డబ్బాలోనూ అది పుట్టిన లారీ చాసిస్ నంబరు రాసి ఉంటుంది. పాతదాన్ని ముందు కంప్యూటరుతో చదివి, అందులో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించాలి. ఆ చదువు సాయ్‌కల్ రెండేళ్ల కిందట రాజధానిలో ఆరు వారాలుండి నేర్చుకుంది. కలిస్ నేర్చుకోలేదు. “సోల్డరింగు కర్ర పట్టిన చేతికి టైపు కొట్టే పని చెప్పకు” అనేవాడు. అతను మంచి పనివాడే. కరెంటు పని ఆమెకు నేర్పిందీ అతనే.

లాప్‌టాప్ తెర మీద నంబరు పడింది. చివరి మూడంకెలు మూడు తొమ్మిది రెండు.

ఆమె లారీ ముందుకు వెళ్లి చాసిస్ మీద మట్టి తుడిచి చూసింది. నాలుగు ఒకటి ఏడు.

నాలుగు ఒకటి ఏడు జెంగిష్ లారీ. మూడు తొమ్మిది రెండు ఎవరిదో ఆమె ఎవర్నీ అడగనక్కర్లేదు. కోర్టు కాగితాల్లో ఆ నంబరు పదకొండు చోట్ల ఉంది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

డబ్బాకీ లారీకీ నంబరు కుదరకపోతే మీటర్ల దగ్గర ఒక పసుపు దీపం వెలుగుతూనే ఉండాలి. ఈ లారీలో వెలగడం లేదు. మీటర్ల పలక విప్పి చూసింది. ఆ దీపం మీద ఎవరో నల్ల టేపు ముక్క చిన్నగా కత్తిరించి, అంచులు చక్కగా ఒత్తి అంటించారు.

మళ్లీ తెర దగ్గరికి వచ్చింది. డబ్బా తన తప్పుల్ని తనే రాసి పెట్టుకుంటుంది, ఎవరైనా చెరిపితే తప్ప పోవు. ఈ మూడేళ్లవి పైన ఉన్నాయి. వాటి కిందికి వెళ్లగా వెళ్లగా అట్టడుగున ఒకటి కనిపించింది. ముందు దీపాలు రెండూ ఒకేసారి పోయాయి. స్విచ్ మాత్రం వేసే ఉంది. అప్పటికి లారీ నడిచిన దూరం ఎనిమిది లక్షల పద్నాలుగు వేల రెండు వందల ఆరు కిలోమీటర్లు.

ప్రమాదం జరిగిన చోట పోలీసులు మీటరు చూసి రాసుకున్న అంకె కూడా అదే.

సాయ్‌కల్ లారీ మెట్టు మీద కూర్చుండిపోయింది. స్విచ్ వేసే ఉంది. వాడు ఆర్పలేదు. మూడేళ్లుగా వాడు చెబుతున్నది, ఆమె మొత్తుకుంటున్నది, నల్ల డబ్బాలో రాసి ఉంది. ఆ డబ్బా వాళ్ల ఊరి మీదుగానే వారానికి రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతోంది.

డబ్బాను ఊడదీసి వెలుతురులోకి తెచ్చి తిప్పి చూసింది. మూతకు నాలుగు మరలు. నాలుగింటి తలల మీదా ఎర్రటి చుక్కలు. పెయింటు కాదు అది. గోళ్ల రంగు.

తాను మూసిన మూతను మళ్లీ ఎవరైనా తెరిచారో లేదో తెలియడానికి మరల మీద చుక్క పెట్టే అలవాటు ఒక్కడికే ఉంది ఆ చుట్టుపక్కల. పెళ్లికి కొనుక్కున్న ముదురు ఎరుపు సీసా అడుగంటిపోయిందని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో.

“జెంగిష్,” అంది. గొంతు మామూలుగానే వచ్చింది. “ఇంకో గంట పడుతుంది. ఎదురుగా హోటల్లో లాగ్మన్ తినిరా పో.”

“నువ్వూ రా అక్కా, మొహం పాలిపోయింది.”

“పో.”

వాడు పోయాడు.

కలిస్ షెడ్డు వెనక కిటికీ దగ్గర స్టార్టర్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. ఆమె డబ్బాను అతని ముందు, మరలు పైకి వచ్చేలా పెట్టింది.

“ఈ మూత ఎవరు బిగించారు?”

అతను చూశాడు. వేడెక్కిన సోల్డరింగు కర్రను స్టాండులో పెట్టడానికి రెండుసార్లు తడుముకున్నాడు.

“ఇలాంటి డబ్బాలు వంద ఉంటాయి.”

“గోళ్ల రంగు కూడా వంద డబ్బాలకి ఉంటుందా?”

బయట గాలికి ఏదో ఖాళీ డబ్బా దొర్లుతోంది.

“ప్రమాదం జరిగిన రాత్రి ఉలార్‌ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తున్నానన్నావు. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. ‘వాడి దగ్గరే కూర్చుంటాను, నువ్వు పడుకో’ అన్నావు.”

“కూర్చున్నాను.”

“ఎప్పుడు?”

“తెల్లారాక.”

“తెల్లారేదాకా ఎక్కడున్నావు?”

“ఓస్మొనాలీ అన్న యార్డులో.” అతను నూనె గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకుంటూ చెప్పాడు. “ఇన్‌స్పెక్టరు పొద్దున వస్తానన్నాడు. లారీని యార్డుకి లాక్కొచ్చి పడేశారు. జెంగిష్ లారీ డబ్బా దానికీ, దాని డబ్బా దీనికీ మార్చాను. ఇన్‌స్పెక్టరు వచ్చి స్విచ్ వేస్తే దీపాలు భేషుగ్గా వెలిగాయి.”

“ఎందుకు?”

“నీకు తెలిసిందేగా ఎందుకో.”

“నీ నోటితో చెప్పు.”

అప్పుడు చెప్పాడు. ప్రమాదానికి నెల ముందు ఉలార్ లారీ అద్దం కింద రబ్బరు చిట్లి, నీళ్లు డబ్బాలోకి దిగాయి. లోపలి సర్క్యూట్ పలక పచ్చగా చిలుము పట్టిపోయింది. కలిస్ దాన్ని స్పిరిట్‌తో కడిగి, పళ్ల బ్రష్షుతో తోమి, తెగిన చోట్ల అతుకు వేశాడు. ఇది నిలవదు, మార్చాలి అని ఓస్మొనాలీకి చెప్పాడు. ‘చలికాలం దాటించు చాలు’ అన్నాడాయన. సరేనన్నాడు ఇతను. ఆ సంగతి ఉలార్‌కి చెప్పలేదు. చెబితే బండి ఎక్కనంటాడు, ఎక్కనంటే ఓస్మొనాలీ లారీలన్నీ ఇంకో షెడ్డుకి పోతాయి.

“దీపాలు పోయింది నా అతుకు ఊడి. డబ్బా తెరిచి చూస్తే ఎవడికైనా తెలుస్తుంది. అప్పుడు లోపలికి పోయేది నేను.” తలెత్తాడు. “ఇద్దరిలో ఒకడు పోక తప్పదు సాయ్‌కల్. ఆలోచించాను. నువ్వు ఏడో నెల కడుపుతో ఉన్నావు. వాడికి పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఎవడు పోతే లోటు తక్కువో చూశాను.”

“కొలిచి చూశావన్నమాట.”

“కుటుంబం కోసం చేశాను.”

“మరి నా కుటుంబం వాడు కాదూ?”

రెండు నెలలకోసారి జైలుకి పట్టుకెళ్లే సంచి సర్దేది అతనే. గుర్రం మాంసం బద్దలు ఏరి ఏరి పెట్టేవాడు, కొవ్వు ఎక్కువున్నవి వాడికిష్టమని. ఆమెకు అవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

“వాడికి తెలుసా?”

“తెలీదు.”

“మూడేళ్లుగా వాడి ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నావు. ఎప్పుడూ అడగలేదా నిన్ను?”

“పోయినసారి అడిగాడు. నువ్వు కౌంటరు దగ్గర సంచి ఇవ్వడానికి వెళ్లావే, అప్పుడు.” కలిస్ కిటికీ వైపు తిరిగాడు. “‘బావా, నా చెయ్యి తగిలే స్విచ్ ఆరిపోయిందేమో, నాకు తెలీకుండా. అలా అయ్యుంటుందంటావా?’ అన్నాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. బిడ్డ కల్లోకి వస్తోందిట.”

“నువ్వేమన్నావు?”

అతను నూనె గుడ్డను మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

“అయ్యుండొచ్చురా అన్నాను.”

సాయ్‌కల్ అతన్ని కొట్టలేదు. చేతికందేంత దూరంలో సుత్తి ఉంది, కాలే కర్ర ఉంది. ఆమె వాటి వైపు చూడను కూడా లేదు. ఈ మనిషినా పన్నెండేళ్లు పక్కన పెట్టుకుని పడుకున్నాను అన్నట్టు అతని చెవి వైపు, మెడ మీది పుట్టుమచ్చ వైపు, తెలియని ఊళ్లో దిగినదానిలా చూసింది.

“లే,” అంది. “టార్చి పట్టుకో.”

“ఎందుకు?”

“జెంగిష్ తిని వచ్చేస్తాడు. వాడి బండి ముందు బాగుచేయాలి. నీలా కాదు, నిజంగా.”

అతను పట్టుకున్నాడు. ఆమె లాప్‌టాప్ తెర మీద ఉన్న పాత డబ్బా తప్పుల జాబితా అంతా ఫోనుతో ఫొటోలు తీసుకుంది. తర్వాత బ్యాటరీ తీగ విప్పి, పావుగంట ఆగి, పాతదాన్ని ఊడదీసిన చోట కొత్తదాన్ని పెట్టి నాలుగు ప్లగ్గులూ టక్కుమనేదాకా నొక్కింది. అద్దం కింది రబ్బరును వేళ్లతో తడిమి చూసి, చీలిన చోట కొత్త ముక్క అతికించింది. చాసిస్ నంబరు ఎక్కించేటప్పుడు అంకెలు పైకే చదివింది. నాలుగు. ఒకటి. ఏడు. వెలుతురు ఊగుతోంది.

“సరిగ్గా పట్టు.”

“పట్టుకున్నాను.”

“దీపం ఊగితే మనుషులు చస్తారు, తెలీదూ?”

జెంగిష్ పళ్లు కుట్టుకుంటూ వచ్చేసరికి లారీ ముందు దీపాలు గోడ మీద రెండు తెల్లటి గుండ్రాలు వేసి నిలబడ్డాయి. ఆమె చాసిస్‌ను కాలితో తన్నింది. తలుపులు దడాలున మూసింది. దీపాలు చెదరలేదు. ఎడమంటే ఎడమ, కుడంటే కుడి. హారన్ కొడితే హోటలు ముందు కుక్క లేచి మొరిగింది.

“అబ్బ, పెళ్లికూతురైపోయిందక్కా ఇది!” అన్నాడు జెంగిష్. తర్వాత మెడ గోక్కున్నాడు. “ఓనరు పాత డబ్బా తెమ్మన్నాడు. మరీ మరీ చెప్పాడు. ‘పారేయనివ్వకు, చేతికి తీసుకో’ అని.”

సాయ్‌కల్ అల్మారా వైపు నడిచి, ఏడాదిగా మూల పడున్న వేరే చచ్చిన డబ్బా ఒకటి తీసి, గుడ్డలో చుట్టి వాడి చేతికిచ్చింది. కలిస్ చూశాడు. జెంగిష్ ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

“చేతులు కడుక్కుని రా,” అంది భర్తతో. “కొచ్‌కోర్ వెళ్తున్నాం.”

“ఓస్మొనాలీ అన్న దగ్గరికా?”

“ఉమ్సునాయ్ అవ్వ దగ్గరికి.”

అతని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఉమ్సునాయ్ చనిపోయిన ఇల్లాలికి అత్త, ఆ బిడ్డకు నాయనమ్మ. ఏటా నవంబరులో సాయ్‌కల్ ఒక గొర్రెను తోలుకుని తమ్ముడి తరఫున క్షమాపణ అడగడానికి ఆ ఇంటికి వెళ్తుంది. ఏటా ముసలామె గొర్రెను వెనక్కి తోలేస్తుంది. మొదటి ఏడు ముఖం మీద ఉమ్మేసింది. రెండో ఏడు, చంకలో పసిపిల్లతో వెళితే, “నీది బతికుందన్నమాట” అని తలుపేసుకుంది. మూడుసార్లూ కలిస్ వీధి చివర కారులో, ఇంజను ఆపకుండా, కూర్చున్నాడు.

“చంపేస్తారు సాయ్‌కల్. ఆ కొడుకు సగిన్ మంచివాడు కాదు. పోలీసుల దగ్గరికి పోదాం, ప్లీడర్‌ని చూద్దాం...”

“పోలీసుల దగ్గరికి రేపు పోతాం. ఇవాళ ఆవిడ ముందు చెబుతావు. ఎక్కనంటావా, సరే. మీ అమ్మ ఎండుచేపలు అమ్మే చోటికి నడిచి వెళ్లి, రోడ్డు మీద నిలబడి, బస్సులో దిగిన ప్రతివాడికీ ఆవిడ కొడుకు ఏం చేశాడో చెబుతాను. ఆవిడ వింటుండగా.”

అతను కుళాయి దగ్గరికి వెళ్లాడు. మామూలుకన్నా ఎక్కువసేపే కడుక్కున్నాడు చేతులు.

దారిలో గాలి కారును పక్కకు నెడుతుంటే ఆమె రెండు చేతులా స్టీరింగు పట్టుకుంది. డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది. జలాశయం దాటాక కలిస్ ఒకసారి, “పిల్లకి ఏం చెబుతావు నా గురించి?” అన్నాడు. ఆమె గేరు మార్చింది. ఎర్ర కొండలు దాటాక మళ్లీ, “నీ చేత్తోనే నన్ను పంపిస్తావా?” అన్నాడు. “నువ్వు పంపలేదూ?” అంది. అంతే.

మధ్యాహ్నం మూడింటికి ఉమ్సునాయ్ వాకిట్లో కారు ఆగింది. కుక్క మొరగలేదు. ఎవరో తెలిసినవాళ్లు అప్పటికే వచ్చి ఉంటే అది అలాగే పడుకుంటుంది. గడపలో విప్పి ఉన్న చెప్పుల జత కొత్తది, మంచి తోలుది.

లోపల తలుపుకు ఎదురుగా, పెద్ద మనిషిని కూర్చోబెట్టే పరుపు మీద, ఓస్మొనాలీ కాలు మీద కాలేసుకుని రొట్టె తుంచుతున్నాడు. తెల్ల గడ్డం, శుభ్రమైన టోపీ. ఆయన యార్డు రెండు వీధుల అవతలే.

సాయ్‌కల్ వెనక్కి తిరిగి భర్తను చూసింది. కలిస్ తల వంచుకున్నాడు. చేతులు కడుక్కోవడానికి అంతసేపు ఎందుకు పట్టిందో ఆమెకిప్పుడు తెలిసింది.

“రా అమ్మా, రా,” అన్నాడు ఓస్మొనాలీ ఆప్యాయంగా. “గడపలో నిలబడకూడదు, అరిష్టం. వదినా, నేను చెప్పానే, ఈ పిల్లే. పాపం, తమ్ముడి మీద ప్రేమ మనిషిని ఎంతకైనా దించుతుంది. షాపులో కంప్యూటరు మీద ఏవో అంకెలు కొట్టుకుని, సాక్ష్యమని పట్టుకొస్తోందట. నీ పుండు మళ్లీ కెలకడానికి.”

ఉమ్సునాయ్ పొయ్యి పక్కన కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల తలగుడ్డ, ముఖం ఎండిన నేల లాగా. సాయ్‌కల్‌ని కూర్చోమనలేదు.

“గొర్రెను తేలేదే ఈసారి?” అంది.

“ఇది తెచ్చాను అవ్వా.” సాయ్‌కల్ మోకాళ్ల మీద కూర్చుని డబ్బాను ముసలామె ముందు పెట్టింది. “మా వాడు నడిపిన లారీలోది. దీపాలు దీనివల్లే పోయాయి. స్విచ్ వేసే ఉందని దీనిలో రాసి ఉంది. ఆ రాత్రే దీన్ని మార్చేశారు. మార్చింది నా మొగుడు. మార్పించింది ఈయన.”

“విన్నావా వదినా?” ఓస్మొనాలీ నిట్టూర్చాడు. “సొంత మొగుడి మీద కూడా. మూడేళ్లుగా ఈ ఇంటికి పిండీ బొగ్గూ ఎవరు పంపుతున్నారో నీకు తెలుసు. పొయ్యి తలుపు తెరిచే ఉంది. ఆ దరిద్రాన్ని అందులో పడెయ్, పీడా పోతుంది.”

ముసలామె డబ్బాను రెండు చేతుల్తో ఎత్తింది. అటూ ఇటూ తిప్పింది. పొయ్యిలో పిడకలు ఎర్రగా కాలుతున్నాయి.

“నాకు అంకెలు రావు,” అంది. “కంప్యూటర్లు రావు. కోర్టులో ఏం రాసుకున్నారో అదీ రాదు.” తలుపు దగ్గర నిలబడ్డ కలిస్ వైపు చూసింది. “నువ్వేనా ఈమె మొగుడివి? ఎప్పుడూ కారు దిగేవాడివి కాదు. పేరేమిటి?”

“కలిస్.”

పక్షపాతం లేకుండా తీర్పు చెప్పేవాణ్ణి ఇక్కడ ఆ మాటతోనే పిలుస్తారు. ముసలామె తల ఊపింది.

“మీ అమ్మ మంచి పేరే పెట్టింది. అయితే నువ్వే చెప్పు. దీపాలు వాడు ఆర్పాడా, అవే ఆరాయా?”

కలిస్ ముసలామె వైపు చూడలేదు. పెళ్లాం వైపు చూడలేదు. అతని చూపు సూటిగా పరుపు మీద కూర్చున్నాయన మీదికి వెళ్లింది. ఓస్మొనాలీ టీ ఊదుకుంటున్నాడు.

“వాడే,” అన్నాడు కలిస్. “వాడే ఆర్పాడు.”

సాయ్‌కల్ నోటి నుంచి చిన్న శబ్దం వచ్చింది, కాలు మీద చక్రం ఎక్కిన కుక్కపిల్ల చేసేలాంటిది. ఓస్మొనాలీ కప్పు కింద పెట్టాడు. “సరిపోయిందా?” అన్నాడు.

“ఇంకా లేదు,” అంది ఉమ్సునాయ్.

ఆమె డబ్బాను పొయ్యిలో వేయలేదు. తన ఒళ్లో, పావడా మడతల మధ్య పెట్టుకుంది.

“ఆ పొద్దు నేను వాళ్ల వెనకే నడుస్తున్నాను. పాతికడుగులు వెనక. మోకాలు నొప్పి. లారీ కొండ మలుపు తిరగడం చూశాను. దీపాలు ఆరాయి. వెలిగాయి. మళ్లీ ఆరాయి, మళ్లీ వెలిగాయి. మూడోసారి ఆరి ఇంక రాలేదు. ‘లారీ కన్ను కొడుతోందమ్మా’ అంది నా మనవరాలు. నవ్వింది. అదే ఆఖరి మాట దానిది.” ముసలామె గొంతులో ఏడుపు లేదు. “ఆ ముక్క రాసుకునేవాడికి చెప్పాను. రాసుకోలేదు. ఓస్మొనాలీ, నీకూ చెప్పాను, గుర్తుందా? ‘తాగినవాడు వదినా, స్విచ్‌తో ఆడుకుంటున్నాడు’ అన్నావు. నమ్మాను. మూడేళ్లు నమ్మాను. నీ పిండి తిన్నాను. ఈ పిల్ల మొహం మీద ఉమ్మేశాను.”

“వదినా, ముసలితనం...”

“ఇరవై టన్నులు వెనక పెట్టుకుని కొండ దిగేవాడు, రెండు చేతులూ స్టీరింగుకి అంటుకుపోయి ఉండేవాడు, దీపాలతో ఆడుకుంటాడా?”

ఓస్మొనాలీ టోపీ సర్దుకుని లేచాడు. “నీకు ఒంట్లో బాగాలేదు. నేను రేపు వస్తాను.”

ఉమ్సునాయ్ పెరటి తలుపు వైపు తిరిగి, “సగిన్!” అని పిలిచింది. అంత చిన్న మనిషిలోంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోరు.

సగిన్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, వెడల్పాటి భుజాలు. ఈనలేక ఇబ్బంది పడుతున్న గొర్రె దగ్గర నుంచి లేచి వచ్చినట్టున్నాడు, చేతులు మోచేతుల దాకా నెత్తురుతో తడిసి ఉన్నాయి. ముందు సాయ్‌కల్‌ని చూశాడు. కళ్లు చిన్నవయ్యాయి. తర్వాత ఓస్మొనాలీని, గోడకు ఆనుకుపోయిన కలిస్‌ని చూశాడు.

“ఏమయిందమ్మా?”

“వీధి తలుపు గడియ పెట్టు.”

పెట్టాడు. ఇనుప గడియ మీద నెత్తుటి వేళ్ల ముద్రలు పడ్డాయి. పెట్టి, తలుపుకు వీపు ఆనించి అక్కడే నిలబడ్డాడు. ఓస్మొనాలీ రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ముసలామె కలిస్ వైపు వేలు చూపింది.

“ఇతను లారీల పని తెలిసినవాడు. నీ పెళ్లాం, నీ బిడ్డ ఎట్లా పోయారో నాకు ఇప్పుడే ఒక మాట చెప్పాడు. నేను ముసలిదాన్ని, చెవులు సరిగ్గా వినపడవు.” ఆమె కలిస్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. “ఆ మాట మళ్లీ చెప్పు నాయనా. ఈసారి నావైపు కాదు, వాడి మొహంలోకి చూసి చెప్పు.”